పార్లమెంటులో మన మాట ఏ గంటకు వినబడుతుంది?
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం మన సమావేశంలో తీర్మానాలు చేస్తాం. స్కాలర్‌షిప్పుల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి, హజ్ ప్రయాణం గురించి కాగితాలు తయారుచేసి పార్లమెంటు సభ్యులవారికి అందజేస్తాం. ఆయన తీసుకుంటారు, టీ యిస్తారు, "తప్పకుండా అడుగుతాను" అంటారు. ఆ తరువాత నెలలు గడుస్తాయి. "ఏమండీ, కాగితం యిచ్చాం గదా, పార్లమెంటులో ఎందుకు అడగలేదు?" అని సభ్యులు కార్యదర్శిగారిని పట్టుకుంటారు. అందుకే ఈ యేడు యీ విషయం మీద నాలుగు మాటలు చెప్పమని మమ్ములను కోరినారు. లోక్‌సభలో ఒక ప్రశ్న ఎట్లా పుడుతుంది, ఏ రోజున పైకి వస్తుంది, చర్చకు టైము ఎవరు యిస్తారు అన్నది తెలిస్తే మన కాగితం ఎక్కడ ఆగుతున్నదో మనకే అర్థమవుతుంది.

మొదట ఒక సంగతి. ఎం.పి.గారు తలచుకున్నప్పుడు లేచి నిలబడి మంత్రిగారిని అడగటానికి వీలులేదు. పార్లమెంటులో ప్రతి నిమిషానికి లెక్క వున్నది. రాజ్యాంగం 118వ అధికరణం ప్రకారం ఉభయసభలు తమ నియమాలు తామే చేసుకున్నవి. మొదటి లోక్‌సభ 1952 మే 13న సమావేశమైంది. అదే సంవత్సరం జులైలో సభా వ్యవహారాల సలహా సంఘం ఏర్పడింది. దీన్నే పత్రికల్లో బి.ఏ.సి. అని రాస్తారు. స్పీకరుగారే దీనికి అధ్యక్షులు. లోక్‌సభ సంఘంలో పదిహేనుమంది సభ్యులుంటారు. ఏ బిల్లుకు ఎన్ని గంటలు, ఏ పద్దు మీద ఎంతసేపు అన్నది అక్కడ కూర్చుని తేలుస్తారు. ఆ గంటలను పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. పెద్ద పార్టీకి గంటలు దొరికితే, ఒకరిద్దరు సభ్యులున్న పార్టీకి నిమిషాలు దొరుకుతాయి. టీవీలో మనం చూసే గంట శబ్దం, "టైమైపోయింది, కూర్చోండి" అనే మాట ఆ లెక్కలోనించి వచ్చినవే.

ఇక ప్రశ్నల సంగతి. లోక్‌సభలో రోజూ ఉదయం 11 నుంచి 12 వరకు ప్రశ్నోత్తరాల సమయం. రాజ్యసభలో గూడా మునుపు యిదే వేళ వుండేది. అక్కడ గొడవల్లో ఆ గంట కొట్టుకుపోతున్నదని, 2014లో ఛైర్మనుగా వున్న హామిద్ అన్సారీగారి కాలంలో దాన్ని మధ్యాహ్నం 12 గంటలకు మార్చినారు.

ప్రశ్నల్లో రెండు ముఖ్యమైన రకాలు. ఒకటి నక్షత్రం గుర్తు వున్నది. దీనికి మంత్రిగారు సభలో నిలబడి నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబు మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. రెండవది గుర్తు లేనిది. దానికి లిఖితపూర్వకంగా జవాబు వస్తుంది, అనుబంధ ప్రశ్నలుండవు. లోక్‌సభలో ఒక రోజుకు నక్షత్రం ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230. రాజ్యసభలో 15, 160. పేరుకు యిరవై అన్నమాటే గాని, ఒక గంటలో పైకి వచ్చేవి మామూలుగా నాలుగైదు. మిగతావాటి జవాబులు రాతలో సభ ముందు వుంచుతారు.

ఆ యిరవైలో ఎవరి ప్రశ్న ముందు? పలుకుబడిని బట్టి కాదు, లాటరీని బట్టి. ప్రశ్న అడగదలచిన సభ్యుడు కనీసం 15 పూర్తి రోజులు ముందుగా సెక్రటరీ జనరల్‌కు నోటీసు యివ్వాలి. ఏ మంత్రికి, ఏ తేదీన అన్నది రాయాలి. నోటీసులన్నిటికి బ్యాలెట్ తీసి వరుస నిర్ణయిస్తారు. కొత్తగా గెలిచినవారి పేరు మొదట రావచ్చు, పాతికేళ్ల అనుభవమున్నవారి పేరు అడుగున పడవచ్చు. ఒక రోజు జాబితాలో ఒక సభ్యునికి నక్షత్రం ప్రశ్న ఒకటే.

ఇంకొక మెలిక వున్నది. మంత్రిత్వశాఖలన్నిటిని అయిదు గుంపులుగా చేసి సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క రోజు కేటాయించినారు. అంటే ఒక శాఖ వారానికి ఒక్కసారే జవాబు చెబుతుంది. మన పిల్లల స్కాలర్‌షిప్పుల సంగతి చూసే మైనారిటీ వ్యవహారాల శాఖ 2006 జనవరిలో ఏర్పడింది. హజ్ వ్యవహారాలు 2016లో విదేశాంగశాఖ నుంచి దీనికిందికి వచ్చినవి. శీతాకాల సమావేశాలు మూడు నాలుగు వారాలు జరిగితే యీ శాఖ మూడు నాలుగు రోజులే ప్రశ్నలకు దొరుకుతుంది. ఆ రోజున సభ వాయిదా పడితే నోటితో అడిగే అవకాశం ఆ వారానికి పోయినట్లే. సమావేశాలు మొదలైన తరువాత మనం తీరిగ్గా ఎం.పి.గారి యింటికి కాగితం తీసుకుపోతే, పదిహేను రోజుల నోటీసు గడువు, శాఖకు వచ్చే వంతు రెండూ దాటిపోతాయి. ఆయన అడగలేదని అనుకుంటాం. చాలాసార్లు అడగటానికి దారే వుండదు.

ప్రశ్నతో ఏమవుతుందిలే, మంత్రిగారు ఏదో చదివి కూర్చుంటారు అని కొందరు అంటారు. 1957 సంగతి చూడండి. జీవిత బీమా సంస్థ డబ్బు ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో పెట్టినారన్న విషయం లోక్‌సభలో ప్రశ్నగానే మొదలైంది. ఫిరోజ్ గాంధీగారు దానిని వదలక డిసెంబరులో చర్చకు తెచ్చినారు. అప్పుడు స్పీకరు మన తెలుగు ప్రాంతపు మాడభూషి అనంతశయనం అయ్యంగారు. తరువాత బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లాగారు విచారణ జరిపినారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారిగారు రాజీనామా చేసినారు. ఒక ప్రశ్న కేంద్రమంత్రి కుర్చీ దాకా పోయింది. ప్రశ్నకు అంత విలువ వున్నది గనుకనే దాన్ని అమ్ముకున్నవారూ వున్నారు. డబ్బు పుచ్చుకుని ప్రశ్నలడిగారన్న ఆరోపణ మీద 2005 డిసెంబరులో 11 మంది సభ్యులను ఉభయసభలు బహిష్కరించినవి.

మనకు దగ్గర సంగతి 2022 డిసెంబరుది. పరిశోధన చేసే మైనారిటీ విద్యార్థుల కోసం 2009లో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ ప్రారంభమైంది. దానిని 2022-23 నుంచి నిలిపివేసినట్లు దేశానికి తెలిసింది ఎట్లా? లోక్‌సభలో ఒక సభ్యుడు అడిగిన ప్రశ్నకు మంత్రి స్మృతి ఇరానీగారు యిచ్చిన లిఖిత జవాబు ద్వారా. ఇతర ఫెలోషిప్పులతో కలిసిపోతున్నదని కారణం చెప్పినారు. ఆ కారణం సబబా కాదా అన్నది వేరే చర్చ. పిహెచ్.డి. చేయాలనుకున్న బిడ్డ యింట్లో పెద్ద లెక్కే తారుమారయ్యే నిర్ణయం ఒక కాగితం మీది జవాబుగా వచ్చింది. ఆ ప్రశ్న అడగకపోతే ఆ జవాబు అప్పుడు వచ్చేది కాదు. ఇట్లాంటి జవాబులు వెలువడిన వారంలోనే మన సంఘంలో ఒకరైనా చదివితే, మన పిల్లలకు యింకో దారి వెదకటానికి నాలుగు నెలలు ముందుగా వీలవుతుంది.

ప్రశ్నగాక వేరే దారులు గూడా వున్నవి. ప్రశ్నోత్తరాలైన తరువాత వచ్చేది జీరో అవర్. ఇది నియమాల పుస్తకంలో లేదు, 1960ల నుంచి వాడుకలో వచ్చింది. అత్యవసర సంగతులు ఎత్తటానికి ఆ రోజు ఉదయమే నోటీసు యివ్వవచ్చు. 377వ నియమం కింద నియోజకవర్గం సంగతులు చదవవచ్చు, శాఖ తరువాత రాతలో జవాబు పంపుతుంది. మంత్రి జవాబు చాలలేదనుకుంటే అరగంట చర్చ అడగవచ్చు. 193వ నియమం కింద స్వల్పకాలిక చర్చకు యింకో యిద్దరు సభ్యుల సంతకాలు కావాలి. ఇందులో ఓటింగు వుండదు. వాయిదా తీర్మానం పెద్ద ఆయుధం. దానికి సభలో 50 మంది బలపరచాలి. అది లోక్‌సభలోనే, రాజ్యసభలో లేదు.

శుక్రవారం మధ్యాహ్నం చివరి రెండున్నర గంటలు మంత్రులు కాని సభ్యులవి. ఒక శుక్రవారం వారి బిల్లులు, మరుసటి శుక్రవారం వారి తీర్మానాలు. ఈ దారిన యిప్పటివరకు చట్టమైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. ఆ పద్నాలుగులో మొట్టమొదటిది ఏదో మన యువకులకు తెలియకపోవచ్చు. అది ముస్లిం వక్ఫుల బిల్లు, 1952. సయ్యద్ మహమ్మద్ అహ్మద్ కాజ్మీగారు తెచ్చిన ఆ బిల్లు 1954లో వక్ఫ్ చట్టమైంది. ఆయన మంత్రి కాదు. 1995లో కొత్త చట్టం వచ్చేదాకా అదే నడిచింది. మన మస్జిదుల, దర్గాల, ఖబరస్తాన్‌ల ఆస్తులకు స్వతంత్ర భారతంలో మొదటి చట్టం ఒక మామూలు సభ్యుని చేతిమీదుగా వచ్చిందంటే, ఆ శుక్రవారపు రెండున్నర గంటలు చిన్నవి కావు.

అదే వక్ఫ్ విషయం మళ్లీ 2025 ఏప్రిల్‌లో, యీసారి ప్రభుత్వ బిల్లుగా, లోక్‌సభకు వచ్చింది. సలహా సంఘం దానికి 8 గంటలు కేటాయించింది. 12 గంటలు కావాలని ప్రతిపక్షాలు అడిగినవి. 2వ తేదీ మధ్యాహ్నం మొదలైన చర్చ అర్ధరాత్రి దాటింది. చివరకు అనుకూలంగా 288, వ్యతిరేకంగా 232 ఓట్లు వచ్చినవి. మరుసటి రోజు రాజ్యసభలోను అర్ధరాత్రి దాటిన తరువాతే ఓటింగు జరిగింది, 128, 95. మనలో చాలామంది ఆ రాత్రి నిద్రపోకుండా టీవీ ముందు కూర్చున్నాం. కాని ఎన్ని గంటలు, ఎవరికెన్ని నిమిషాలు అన్నది అంతకుముందే సలహా సంఘంలో తేలిపోయింది. మన మాట చెప్పించుకోవాలంటే ఆ రాత్రికి ముందే, సభ్యులు నోట్సు రాసుకునే వేళకు, మన అంకెలు, మన రికార్డులు వారి చేతికి అందాలి.

ప్రశ్నల గంట ఎప్పుడూ వుంటుందని అనుకోవద్దు. 1962 చైనా యుద్ధకాలంలోను, ఎమర్జెన్సీలోను అది లేదు. కోవిడ్ మూలంగా 2020 వర్షాకాల సమావేశాల్లో రద్దయింది, లిఖిత జవాబులు మాత్రమే వచ్చినవి. ఇక మామూలు రోజుల్లో గలాటాల వల్ల పోయే గంటల సంగతి చెప్పనక్కరలేదు. ఆ గంట పోయిందంటే ప్రభుత్వాన్ని ముఖాముఖి నిలదీసే వీలు పోయిందన్నమాట. ఏ పార్టీ అయినా సరే, ఆ గంటను కాపాడమని మన సభ్యులను మనం అడగాలి.

మరి మన సంఘం ఏం చేయాలి? సమావేశాలకు నెలరోజులు ముందే కాగితం అందించాలి. ఆ కాగితం ఉపన్యాసంలా వుండకూడదు. ప్రశ్న మామూలుగా 150 మాటలు దాటరాదు. వాదనలు, ఎత్తిపొడుపులు వుండరాదు. కోర్టులో నలుగుతున్న విషయం, అభిప్రాయం అడిగే విషయం పనికిరాదు. కేంద్ర ప్రభుత్వ బాధ్యతకు సంబంధించినదై వుండాలి. ఉర్దూ బడిలో టీచరు లేడని, ఖబరస్తాన్ దారిలో దీపం లేదని ఢిల్లీలో అడగటానికి లేదు. అవి అసెంబ్లీకి, మున్సిపాలిటీకి పోవలసినవి.

ఉదాహరణకు, "మా పిల్లలకు అన్యాయం జరుగుతున్నది, చర్య తీసుకోవాలి" అని రాస్తే ప్రశ్న కాదు. ఇట్లా రాయాలి: (ఎ) మౌలానా ఆజాద్ ఫెలోషిప్ యింకా పొందుతున్న పరిశోధకులు రాష్ట్రాలవారీగా ఎంతమంది? (బి) వారికి ఏ నెల వరకు చెల్లింపు జరిగింది? (సి) బకాయి వుంటే ఎప్పటిలోగా చెల్లిస్తారు? మంత్రి దీనికి అంకె చెప్పక తప్పదు. "పరిశీలిస్తాం" అన్నారనుకోండి, అదీ వదలిపెట్టనక్కరలేదు. అట్టి మాటలను హామీగా ఎంచి, మూడు నెలల్లో నెరవేరిందా లేదా అని చూసే హామీల కమిటీ 1953 నుంచి లోక్‌సభలో వున్నది. ప్రజలే నేరుగా అర్జీ పెట్టుకోవటానికి అర్జీల కమిటీ వున్నది. సభ్యుని ద్వారా సమర్పిస్తే దాని మీద ఆయన సంతకం కావాలి.

ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. ప్రశ్నలు, జవాబులు ఉభయసభల వెబ్‌సైట్లలో వుంటవి. కాలేజీ చదివే మన ఆడపిల్లలు, మగపిల్లలు నలుగురు వారానికి ఒక గంట కూర్చుని మన శాఖ జవాబులు తీసి, తెలుగులో రాసి, సంఘం నోటీసు బోర్డు మీద అంటించవచ్చు. జమాతు పెద్దలు శుక్రవారం నమాజు తరువాత అయిదు నిమిషాలు చదివి వినిపించవచ్చు. వచ్చే సమావేశాలకు సంఘం తరఫున మూడు ప్రశ్నలు, మూడంటే మూడే, పైన చెప్పిన పద్ధతిలో తయారుచేసి గడువుకు ముందే అందించాలని ఈ సభలో ప్రతిపాదిస్తున్నాం. పార్టీ భేదం లేకుండా లోక్‌సభ సభ్యునికి, మన రాష్ట్రపు రాజ్యసభ సభ్యునికి యిద్దరికీ యిద్దాం. లాటరీలో ఒకరికి కాకపోతే యింకొకరికి రావచ్చు.

పరీక్షకు హాలుటిక్కెట్టు తేదీ దాటనీయని తల్లులు మన యిళ్లలో వున్నారు. ఈ తేదీలు గూడా వారి చేతికే అప్పగిస్తే పని జరుగుతుందని మా నమ్మకం. అల్లాహ్ మన ప్రయత్నానికి బర్కత్ యివ్వాలని దుఆ చేస్తున్నాం.