గడువు దాటిన భర్తయు, నిరాకరింపఁబడిన వీసాయు

(సంఘ వార్షికమహాసభయందు అబిడ్సున చేసిన ఉపన్యాసము)



కార్యదర్శిగారు నన్ను విద్యాభివృద్ధినిగూర్చి మాటలాడుఁడని కోరిరి. ముప్పదియైదేండ్లు సంస్కృతాంధ్రములు చెప్పిన పంతులు మఱి దేనినిగూర్చి మాటలాడఁగలఁడని వారి యూహ కాఁబోలు. కాని యీ సభాభవనమునకు నాంపల్లి స్టేషనునుండి నడచి వచ్చుచు, త్రోవపొడుగునను మేడలమీఁద వ్రేలాడుచున్న వీసా బోర్డులను జూచితిని. మన యిండ్లలో నిపుడు తలుపులు మూసికొని మాత్రమే చెప్పుకొనుచున్న యొక చిక్కును మీ యెదుటఁ బెట్టుటయే మేలని తోఁచినది. పూర్వము విదేశమున గడువు మీఱి నిలిచి తిరిగివచ్చినవాఁడు, పిమ్మట నా దేశపు పౌరురాలిని వివాహమాడి, భార్యను జేరుటకై దరఖాస్తు పెట్టుకొనఁగా, పాతతప్పు కారణముగా వీసా నిరాకరింపఁబడినచో నేమి చేయవలెను? ఇదియే నా విషయము. నేను వకీలును గాను. నా వలన జరిగిన యొక పొరపాటుచేత నీ సంగతులు నేర్చుకొనవలసి వచ్చినది. ఆ పొరపాటును ముందుగాఁ జెప్పుదును.

నా పూర్వశిష్యుఁడొకఁడు ఉద్యోగార్థము 2012లో అమెరికాకుఁ బోయెను. 2015 ఆరంభమున అతని గడువు పొడిగింపునకై యజమాని పెట్టిన దరఖాస్తు త్రోసివేయఁబడెను. వేఱొక యజమాని దొరకును, వేఱొక దరఖాస్తు పెట్టవచ్చునని స్నేహితులు చెప్పఁగా నమ్మి, పదునాలుగు నెలలు అచ్చటనే నిలిచెను. 2016లో ఇచ్చట తండ్రి కాలము చేసెను. ఒక్కఁడే కొడుకు. కర్మ చేయుటకై మఱునాఁడే విమాన మెక్కెను. ఆ మఱుసటి యేడు బంధువుల పెండ్లికి మరల నచ్చటికిఁ బోవఁదలఁచి, సందర్శకవీసాకై అబిడ్సులో నొక సందునందున్న దళారిచేత దరఖాస్తు నింపించెను. అమెరికాలో నెన్నఁడైన గడువు మీఱి యుంటిరా యను ప్రశ్న కా దళారి "లేదు" అని నింపెను. శిష్యుఁడు చూచియు నూరకుండెను. ఆ వీసా యెట్లును రాలేదు. ఆ "లేదు" మాత్రము వారి లెక్కలలో నిలిచిపోయెను.

2019లో నేనే మధ్యవర్తినై యతనికి సంబంధము కుదిర్చితిని. వధువు న్యూజెర్సీలోఁ బుట్టి పెరిగిన మనవారి పిల్ల, అమెరికా పౌరురాలు. పదునాలుగు నెలల సంగతి నాకుఁ దెలియును. చెప్పవలయునా యని వరుని తల్లి నడిగితిని. "ఇప్పు డెందుకండీ మాస్టారుగారూ, పెండ్లియైనచో అన్నియు సర్దుకొనును" అని యామె యనెను. నేనును సరేయంటిని. లగ్నపత్రిక వ్రాసినది నా చేతులతోనే.

అమెరికాలో స్థిరముగ నుండుటకుఁ గోరు వీసాల పరీక్ష మన హైదరాబాదున జరుగదు, ముంబయి పోవలెను. 2021 చివర నాంపల్లి స్టేషనులో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్సు నెక్కించి యాశీర్వదించి పంపితిమి. మూఁడవనాఁడు తిరిగివచ్చెను. చేతిలో నొక కాగితము. దానిలో రెండు సెక్షనుల యెదుట గుర్తులు. ఆ రాత్రి వధువు తండ్రి నాకు ఫోను చేసెను. "మాస్టారుగారూ, మీకుఁ దెలిసియుండియు మాకుఁ జెప్పలేదా?" అని మాత్రమే యడిగెను. ఆ ప్రశ్న కప్పుడు నాయొద్ద నుత్తరము లేదు, ఇప్పుడును లేదు.

ఇఁక నా కాగితమున నేమున్నదో వినుఁడు. 1996లో అమెరికావారు చేసిన చట్టము ప్రకారము, అనధికారముగా 180 దినములకు మించి యేడాదికి లోపుగా నిలిచి వెడలినవాఁడు మూఁడేండ్లును, ఏడాదియు నంతకుమించియు నిలిచి వెడలినవాఁడు పదేండ్లును మరల నచటఁ బ్రవేశింపరాదు. 1997 ఏప్రిల్ 1వ తేదీ మొదలుకొని గడచిన దినములు మాత్రమే లెక్కకు వచ్చును. పదునెనిమిదేండ్లు నిండనివారి దినములు లెక్కింపఁబడవు. ఇందొక చిత్రము గలదు. ఈ నిషేధము నిలిచియున్నంతకాలము పుట్టదు. దేశము విడిచినపుడు పుట్టును. న్యాయముగాఁ బ్రవేశించి, గడువు మీఱి, అచ్చటనే పౌరురాలిని బెండ్లాడి, కదలక దరఖాస్తు పెట్టుకొన్నవానికి గడువు మీఱినదోషము సాధారణముగా నడ్డురాదు. తండ్రిచితికి నిప్పు పెట్టుటకు వచ్చినవానికిఁ బదేండ్లు. కావున అచ్చట మన బిడ్డ లెవరైన గడువు మీఱియున్నచో, ఇంట నశుభము జరిగినపుడు "వెంటనే రమ్ము" అని ఫోనులో నేడ్చుటకు ముందు, వకీలు నడిగి రమ్మని చెప్పుఁడు. ఇది కఠినమైన మాట, నే నెఱుఁగుదును.

రెండవ సెక్షను ఆ "లేదు" అను మాటకు. బుద్ధిపూర్వకముగా నసత్యము చెప్పి వీసా కోరినవానికి నిషేధము యావజ్జీవము. నా శిష్యుఁడు నిలిచిన పదునాలుగు నెలలకు శిక్ష 2026తో నెట్లును తీఱియుండెడిది. ఒక్క మాటకు శిక్షకుఁ దుది లేదు. దరఖాస్తు నింపినవాఁడు దళారియైనను సంతకము దరఖాస్తుదారునిదే.

ఇట్టి నిరాకరణము వచ్చినతోడనే మనవారు "అప్పీలు చేయుదము" అందురు. మన నాంపల్లి కచ్చేరీల యలవాటు చొప్పున, క్రింది కోర్టు కాదన్నచో పై కోర్టు గలదని తలంపు. అమెరికా కాన్సలు నిర్ణయముపైని అట్టి అప్పీలు లేదు. సామాన్యముగా నచటి న్యాయస్థానములు కాన్సలు నిర్ణయమును దిరిగి విచారింపవు. 2024 జూనులో మున్యోజ్ అను నామె దావాయందు అమెరికా సుప్రీముకోర్టు, తన భర్తను దేశములోనికి రప్పించుకొనుట పౌరురాలికి రాజ్యాంగము నిచ్చిన హక్కు కాదని తీర్పు చెప్పినది. భార్య పౌరురాలు గదా, ఆమె దావా వేసినచో దీఱునని చెప్పి సొమ్ము గుంజువారిని నమ్మకుఁడు.

అచ్చట నున్నది మన్నింపునకై విన్నపము. దాని ఫారము పేరు ఐ-601. అది కాన్సలునకు గాక వలససేవల శాఖకుఁ బెట్టుకొనవలెను. గడువుమీఱుటకును అసత్యమునకును గలిపి యొకే ఫారమునఁ గోరవచ్చును. దానిని ద్రోసివేసినచో మాత్రము నిజమైన అప్పీలు గలదు: ముప్పది దినములలో. భార్య పెట్టిన మూలపు ఐ-130 దరఖాస్తే త్రోసివేయఁబడినచో దానికిని వేఱొక బోర్డునకు ముప్పది దినములలోనే అప్పీలు. కేవలము కాగితములు చాలవని నిలిపియుంచుట వేఱు సంగతి. అది తుదినిరాకరణము కాదు. ఏడాదిలోపల కోరినవి పంపవలెను, పంపనిచో మొదటికి వచ్చును. కావున వచ్చిన కాగిత మీ నాలుగింటిలో నేదో మొదటఁ దెలిసికొనక వకీలు నింటికిఁ బరుగెత్తుట వ్యర్థము.

ఇచ్చట నాబోఁటి శబ్దశాస్త్రమువానికి నచ్చిన సూక్ష్మ మొకటి చెప్పెదను. వారి న్యాయమున "స్థితిభ్రంశము" వేఱు, "అనధికారనివాసము" వేఱు. విద్యార్థిగాఁ బోయినవాని ప్రవేశపత్రమున సాధారణముగాఁ దేదీ యుండదు. చదువు సాగినంతకాల మని యుండును. అట్టివాఁడు చదువు మానినచో స్థితిభ్రష్టుఁడగును గాని, వలసయధికారియో న్యాయాధిపతియో దోషి యని తేల్చువఱకు మూఁడేండ్ల పదేండ్ల లెక్క మొదలుకాదు. 2018లో దీనిని మార్పఁబోయిరి గాని న్యాయస్థాన మడ్డుపెట్టినది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయము మూఁతపడినపుడు కాళ్లకు రేడియో కడియములు తొడిగించుకొన్న పిల్లలలోఁ బెక్కండ్రు తెలుఁగువారే. 2019 జనవరిలో మిషిగనున ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయ మనునది ప్రభుత్వమువారే పన్నిన వలయని తేలినపుడును చిక్కినవారిలో మన జిల్లాల పిల్లలే యధికము. వారిలో ననేకు లిప్పుడు పెండ్లీడువారు. వారి దినములను వారి తల్లిదండ్రులే తప్పుగా లెక్కించుకొని దిగులుపడుచుందురు. ప్రవేశపత్రమైన ఐ-94లోని తేదీ చూడవలెను గాని పాసుపోర్టుమీఁది వీసాతేదీ కాదు. తనపై ప్రభుత్వము వ్రాసియుంచిన ఫైలును, 1966 నాఁటి సమాచారచట్టము క్రింద దరఖాస్తు పెట్టి యెవరైనను దెప్పించుకొనవచ్చును. లెక్క తప్పైనచో, కాన్సలునకును వారి విదేశాంగశాఖలోని న్యాయవిభాగమునకును వ్రాసి సరిదిద్దించుకొన యత్నింపవచ్చును.

ఇఁక మన్నింపువిన్నపము. మేము మొదట వ్రాసినది నాంపల్లి కోర్టుల ముంగిట టైపుమిషనుదగ్గఱ స్టాంపుకాగితముపైని. నేనే చెప్పితిని, టైపు చేయించితిని. ముసలితల్లి కన్నీరు, వంశమునకొక్కఁడే కొడుకు, మా సంఘమునకు వారి పూర్వులు చేసిన దానములు, అన్నియు నలంకారయుక్తముగా నాఱు పుటలు. న్యూజెర్సీలో వధువు కుదుర్చుకొన్న వకీలు దానిని జదివి ప్రక్కన బెట్టెనఁట. ఎందువలన ననఁగా, ఆ చట్టము చూచు కష్టము దరఖాస్తుదారునిది కాదు. హైదరాబాదులోని తల్లిది కాదు. పౌరురాలైన లేదా స్థిరనివాసమున్న భార్యది గాని, అట్టి తల్లిదండ్రులది గాని కావలెను. పిల్లల కష్టము సైతము ఆ భార్య కష్టముగా మాఱినపుడే లెక్కకు వచ్చును. అదియు సామాన్యవియోగదుఃఖము చాలదు, అసాధారణమైనదని చూపవలెను. ఆఱు పుటల విలాపములో హేతు వొక్కటియు లేకపోయెను. ముప్పదియైదేండ్లు తర్కసంగ్రహము చెప్పినవాఁడ నింత మాత్ర మెఱుఁగనైతిని.

రెండవపర్యాయము వ్రాసినది యిట్లు. భర్త లేక భార్య యచ్చటనే యున్నచో నేమగును? ఆమె యొక్కతయే కూఁతురు, తండ్రికి మూత్రపిండముల రోగము, వారమునకు మూఁడుమార్లు డయాలసిస్, తీసికొనిపోవున దామెయే. ఆస్పత్రివారి లేఖ, సెలవుల పట్టిక, చదువుల అప్పు లెక్క జతపఱచిరి. భార్యయే యిచ్చటికి వచ్చినచో నేమగును? తండ్రికి దిక్కుండదు, ఆమె నర్సు పనికి అచ్చటి లైసెన్సు చెల్లును గాని యిచ్చట వేఱుగ నమోదు కావలెను. ఈ రెండు పక్షములకును వేఱువేఱుగ నాధారములు చూపుట మేలు.  కడపట నా శిష్యుఁడు తన ప్రమాణపత్రమున, 2017లో "లేదు" అని యుండఁగా జూచియు సంతకము చేసితినని వ్రాసెను. దళారిమీఁదికి నెట్టవచ్చును గదా యని నేనంటిని. "చూచితిని గదా సార్" అనెను. నాకు సిగ్గైనది. శాఖవారు మధ్యలో నొకపరి మఱికొన్ని రుజువులు కోరిరి, పంపిరి. 2024లో మన్నింపు లభించినది. పెండ్లియైన యైదేండ్లకు కాపురము.

బ్రిటనుసంగతి వేఱు. అచ్చట 2009 మొదలు రెండుమూఁడేండ్లు విద్యార్థివీసాలమీఁదఁ బోయిన మనపిల్లలు, కళాశాలల లైసెన్సులు రద్దై, 2012 ఏప్రిల్‌లో చదువు తరువాతి యుద్యోగవీసా యెత్తివేయఁబడి, గడువు మీఱి నిలిచినవారు గలరు. ఆ దేశమున భర్తృవీసా నిరాకరణమునకు నిజముగానే అప్పీలు గలదు. మానవహక్కుల యొప్పందములోని యెనిమిదవ నిబంధన, అనఁగా కుటుంబజీవితముపైని హక్కు, ఆధారముగా ట్రిబ్యునలునకుఁ జేసికొనవలెను. ఇచ్చటనుండి చేసికొనువారికి గడువు నిరాకరణము ముట్టిన 28 దినములు. న్యాయాధిపతి పాతతప్పును కుటుంబముతోఁ దూచును. ఐనను చాలమందికి నడ్డుపడునది పాతతప్పు గాక భార్య యాదాయము. 2024 ఏప్రిల్‌లో దానిని 18,600 పౌన్లనుండి 29,000 పౌన్లకుఁ బెంచిరి. ఆదాయము చాలకున్నచో కొందఱకు అప్పీలుకంటెఁ గ్రొత్తదరఖాస్తే త్వరగాఁ దెమలును.

కార్యదర్శిగారు గడియారము చూచుచున్నారు. ఒక్క ప్రతిపాదన చేసి కూర్చుండెదను. మన సంచికయందు వధూవరుల పట్టిక అచ్చొత్తించుచున్నాము. గోత్రము, నక్షత్రము, జీతము, దానిప్రక్కన "వీసా" అని గడి. దానిలో నేవో అక్షరములును అంకెలును మాత్రమే యుండును. ఆ గడిప్రక్కన ఇంకొకటి చేర్పవలెనని కోరుచున్నాను: "పూర్వము వీసా నిరాకరింపఁబడెనా, గడువు మీఱెనా." పరువు పోవునని కొందఱు పోషకు లనవచ్చును. గోత్రము దాఁచి సంబంధము కుదుర్చువారు మనలో లేరు. ఇది దాఁచుట యేల? మధ్యవర్తులు సైతము దీనికి సంతకము చేయవలెను. మొదటి సంతకము నేను చేయుదును.

అచ్చటి బారులో నమోదైన వకీళ్లు, ప్రభుత్వము గుర్తించిన ప్రతినిధులు తప్ప సామాన్యముగా మఱెవ్వరును అమెరికావారి యెదుట మనపక్షమున నిలువఁజాలరు. అబిడ్సులోని బోర్డుల క్రిందఁ గూర్చున్నవారు టైపు మాత్రమే చేయఁగలరు.

రేపు ఉదయము తొమ్మిదిగంటలకు వసతిగృహపు గ్రంథాలయమున నేనుందును. నిరాకరణకాగిత మున్నవారు దానిని, అది వచ్చిన కవరును, పాత పాసుపోర్టులను వెంటఁ దెండు. సలహా చెప్పఁజాలను, కాగితము చదివి యే తేదీలోపల ఏమి చేయవలెనో గుర్తింపఁగలను. ఏ సంగతియు దాఁచవలదు.