ఎదిగే వయసులో ఎముకల బలము



1937లో స్థాపితమై 2015లో మూతబడిన బోధన్ చక్కెర కర్మాగారమునకు చెరకు బండ్లు లాగిన ఎడ్లను మీలో పెద్దలు మరచియుండరు. చిన్ననాడే విత్తులు కొట్టించిన కోడెకు కాళ్లు పొడవుగా సాగును. ఈడు వచ్చిన పిదప కొట్టించిన కోడెకు మెడ, మూపు బలియును గాని కాళ్లు అంత సాగవు. ఇందుకు కారణమేమి?

పొడవైన ఎముకల కొనల దగ్గర మెత్తని మృదులాస్థి పొర గలదు. ఎముక పొడవు పెరుగుట అక్కడనే. ఈడు వచ్చునపుడు వృషణములు, అండాశయములు విడుదల చేయు హార్మోనులు మొదట ఆ పెరుగుదలను వేగిరపరచి, తరువాత ఆ పొరను గట్టి ఎముకగా మార్చివేయును. విత్తులు లేని కోడెలో ఈ పని ఆలస్యమగును.

మన పిల్లలలోను ఇదే ధర్మము. మగపిల్లలలో సైతము పురుష హార్మోను కొంత ఈస్ట్రోజన్ అను స్త్రీ హార్మోనుగా మారి ఆ పొరను మూయును. ఈస్ట్రోజన్ పనిచేయని 28 ఏండ్ల యువకుని సంగతి 1994లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. అతడు 204 సెంటీమీటర్లు పెరిగియు ఇంకను ఎదుగుచుండెను; ఎముకలు మాత్రము గుల్లబారియుండెను. కనుక పొడవు వేరు, గట్టిదనము వేరు. ఆ గట్టిదనమునకును ఈ హార్మోనే ఆధారము.

మిక్కిలి వేగముగా ఎదుగు రెండేండ్లలోనే, పెద్దయిన పిదప ఉండు ఎముక ఖనిజములో సుమారు నాలుగవ వంతు చేరును. ఆడపిల్లలకు ఈ అదను మగపిల్లలకన్న దాదాపు రెండేండ్లు ముందుగా వచ్చును. ముట్లుడిగిన పిదప ఈస్ట్రోజన్ తగ్గి ఎముక కరుగును. అప్పుడు ఆదుకొనునది చిన్ననాడు కూడబెట్టినదే. అట్టిది లేనిచో కాలుజారి పడినంతనే తుంటి విరుగవచ్చును.

కావున పాలన్నియు అమ్మివేసి, మిగిలిన గ్లాసెడు కొడుకుకే పోయుట తగదు. 10 నుండి 18 ఏండ్ల పిల్లలకు దినమునకు సుమారు 1000 మిల్లీగ్రాముల కాల్షియము కావలెను. 100 గ్రాముల తైదలలో, అనగా రాగులలో, దాదాపు 350 మిల్లీగ్రాములు గలవు. పాలు, పెరుగు, నువ్వులు, పప్పు కూతురికిని పెట్టుడు. ఎండలో ఆటలాడనిండు.

13 ఏండ్లు నిండినను ఆడపిల్లకు, 14 నిండినను మగపిల్లవానికి ఈడు లక్షణములు కానరానిచో డాక్టరుకు చూపుడు. ఎముక కొనలు మూసికొనిన పిదప ఏ పొడియు ఎత్తు పెంచజాలదు. దానికై డబ్బు పోగొట్టుకొనకుడు.

అదను దాటిన పిదప వేసిన ఎరువు చేనికి అక్కరకు రాదని మీకు తెలియనిది కాదు. మీ ఇంటి పిల్లలకు ఆ అదను ఇప్పుడే.