టేపులో మిగిలిన గొంతులు
(ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ గురించి, డి.ఏ. బకాయిల గురించి పెద్దలు చెప్పారు. నేను మన బీరువాలపై దుమ్ముపట్టి ఉన్న వీడియో క్యాసెట్ల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

1996లో కరీంనగర్‌లో మా అమ్మాయి పెళ్లికి మూడు క్యాసెట్లు తీయించాం. 2009లో నా భార్య కాలం చేసింది. ఆమె గొంతు మిగిలింది ఆ టేపుల్లోనే. మొన్న తీసి చూస్తే ఒకదాని అంచున తెల్లటి బూజు కనిపించింది. బూజుపట్టిన టేపును అలాగే పెడితే ప్లేయర్ పాడవుతుంది, టేపూ తెగవచ్చు. అందుకని తెలిసినవారితో ముందు శుభ్రం చేయించాను. ప్లేయర్ దొరకడమూ కష్టమే. జపాన్‌కు చెందిన ఫునాయ్ సంస్థ 2016లో వాటి తయారీ ఆపివేసింది. ఓ మిత్రుని దగ్గర అరువు తెచ్చుకున్నాను.

ఇక లాప్‌టాప్ సంగతి. ప్లేయర్ నుండి వచ్చే పసుపు తీగ బొమ్మకు, ఎరుపు, తెలుపు తీగలు ధ్వనికి. వాటిని చిన్న క్యాప్చర్ పరికరానికి తగిలించి, దానిని యు.ఎస్.బి.లో పెట్టాలి. రికార్డు చేయడానికి ఓ.బి.ఎస్. స్టూడియో, కత్తిరించి అతకడానికి షాట్‌కట్ ఉన్నాయి. రెండూ ఉచితమే. మినీ డీవీ క్యాసెట్లయితే దారి వేరు. వాటికి ఫైర్‌వైర్ అనే తీగ కావాలి, గంటకు దాదాపు 13 జీబీ స్థలం పడుతుంది. కనుక విడిగా ఒక హార్డ్ డిస్క్ కొనుక్కోండి.

గంట టేపుకు గంట సమయం పడుతుంది, తొందర పనికిరాదు. మొదటిసారి నేను భోజనానికి వెళ్లి వచ్చేసరికి లాప్‌టాప్ నిద్రలోకి జారుకుంది, నలభై నిమిషాల శ్రమ వృథా! ఆ నిద్ర సెట్టింగును ముందే ఆపండి. మిగతా ప్రోగ్రాములన్నీ మూసివేయండి. లేకుంటే బొమ్మ ఒకచోట, మాట ఒకచోట అవుతాయి.

మూడు క్యాసెట్లూ ఎక్కించాక మా అబ్బాయి ఎడిటింగుకు కూర్చున్నాడు. భోజనాల దగ్గర గోల ఎక్కువుందని ఆ భాగం తీసేస్తానన్నాడు. వినమన్నాను. గిన్నెల చప్పుడు మధ్య ఆమె పిలుపు: "ఇగో, జర ఇటు రాండ్రి!" పదమూడేళ్లు కాదు, పదిహేనేళ్లు దాటాక నన్ను మళ్లీ పిలిచింది. అబ్బాయి చేయి ఆగిపోయింది. అందుకే చెబుతున్నాను, అసలు ఫైలును ఎప్పుడూ ముట్టవద్దు. నకలు మీదే కత్తెర వేయండి. ఇవాళ గోల అనుకున్నది రేపు మనకు ప్రాణం కావచ్చు.

మల్యాల మండలం లంబాడిపల్లి నుండి 'మై విలేజ్ షో' మన పల్లె మాటను లోకమంతా వినిపించింది. గంగవ్వను ఎరుగనివారు లేరు. మన దగ్గరున్నదీ తక్కువేమీ కాదు. ఉట్నూరు, జైనూరు ప్రాంతాల్లో పనిచేసినవారి ఇళ్లలో దండారి, గుస్సాడీ టేపులు ఉండవచ్చు. 2021లో పద్మశ్రీ ప్రకటించబడిన మార్లవాయి కనకరాజు గారు 2024లో కన్నుమూశారు. అలాంటి టేపు దొరికితే ఒక ప్రతిని ఆ గూడానికే అందజేయండి, అది వారి సొత్తు.

రెండు ప్రతులు, రెండు ఇళ్లలో ఉంచండి. రేపే బీరువా తెరవండి. సెలవు.