కడలి యొడ్డున కావలి



నాది ద్వారకా తిరుమల. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. కూర్మావతారకథ నాకు చిన్ననాడే కంఠస్థము. శ్రీకూర్మము వెళ్లి స్వామిని సేవించితిని కూడ. కాని సముద్రపు తాబేటిని కన్నులార చూచినది అఱువదియేండ్లు నిండిన పిమ్మటనే. ఆ ముచ్చటను నేడు మనవి చేసెదను.

మన తీరమునకు వచ్చు తాబేటిని ఆలివ్ రిడ్లే అందురు. ముఖ్యముగా జనవరి మొదలు మార్చి వఱకు ఆడుతాబేలు రాత్రివేళ గట్టెక్కి, ఇసుకలో మూరెడు లోతు గొయ్యి త్రవ్వి, ఇంచుమించు నూఱు గ్రుడ్లు పెట్టి, పూడ్చి, మరల సముద్రమున కలియును. 45 మొదలు 60 దినములలో పిల్లలు వెలువడును. అవి వెలుగు తోచు దిక్కునకు ప్రాకును. పూర్వము రాత్రివేళ ఆ వెలుగు సముద్రము వైపుననే యుండెడిది. నేడు గట్టుమీది విద్యుద్దీపములు వానిని మోసపుచ్చుచున్నవి. గ్రుడ్లను కుక్కలును నక్కలును తినివేయును. ఇది నీట నుండు ప్రాణియే యైనను గాలికై పైకి రావలసినది. కావున మరబోటుల వలలలో చిక్కినచో ఊపిరాడక చచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వీనికి అత్యున్నత రక్షణ నిచ్చినది. కాని చట్టము రాత్రివేళ గట్టున నడవజాలదు. నడువవలసినవారు మనుష్యులే.

చెన్నపట్టణమున 1988లో విద్యార్థులు సంఘముగా నేర్పడి, ఏటేట ఆ ఋతువున రాత్రులు తీరము వెంట నడచి గ్రుడ్లను కాపాడుచున్నారు. నరసాపురము దాపున పేరుపాలెము తీరమున నా పూర్వశిష్యులు కొందఱు ఇట్టి కావలి చేయుచుండగా, ఒక శీతకాలమున నేనును వారితో కూడితిని. మా సామగ్రి ఎఱ్ఱకాగితము చుట్టిన చేతిదీపము, కొలతటేపు, ఒక నోటుపుస్తకము. పోటునీటి గీతవెంట నడచుచు, ట్రాక్టరు చక్రపు గుర్తువంటి జాడను వెదకవలెను. గ్రుడ్ల గొయ్యి కనబడిన అటవీశాఖవారికి తెలుపవలెను. చచ్చిన తాబేలు కనబడిన కొలిచి వ్రాసి, మరల లెక్కకు రాకుండ దానిపై రంగు గుర్తు పెట్టవలెను.

పంతులును గదా, పుస్తకము నాకే అప్పగించిరి. మూడవనాటి రాత్రి కాళ్లు నొచ్చి ఒక పడవచాటున కూర్చుంటిని. కన్ను మూతపడినది. లేచునప్పటికి తెల్లవాఱినది, పోటునీరు ఇసుకను తుడిచివేసినది. నేను ఆనాటి గడిలో “లేవు” అని వ్రాసితిని. ఒక శిష్యుడు వచ్చి చూచి, “మాస్టారండీ, ఆ చివరిదాకా నడిచారా?” అని యడిగెను. నిజము చెప్పితిని. “అయితే లేవు అని రాయకూడదండి. చూడలేదు అని రాయండి” అనెను.

తర్కము చదివిన నాకు సిగ్గు వేసినది. చీకటిగదిలో కుండ కనబడలేదని కుండ లేదనరాదు. వెలుతురుండి, కన్నుండి, కుండ యున్నచో తప్పక కనబడును అనునప్పుడు మాత్రమే, కనబడకుండుట లేమికి సాక్ష్యము. దీనినే యోగ్యానుపలబ్ధి యందురు. బాల్యమున గురువులకడ వల్లించిన మాటను ముదిమిలో శిష్యుడు ఇసుకమీద నాకు బోధించెను. వ్రాసినదానిని కొట్టివేసి, “చూడలేదు, కావలివాడు నిద్రించెను” అని వ్రాసి చేవ్రాలు చేసితిని. ఆపై రెండవరాత్రి చివరిదాక నడచితిని. అప్పుడు కనబడినది తల్లి! గ్రుడ్లు పెట్టుచు, కన్నుల నుండి ఉప్పునీరు కార్చుచుండెను.

ఒక్క గడికి ఇంత పట్టుదల యెందుకని మీరడుగవచ్చును. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరబోటుల వేట నిషిద్ధము. తాబేళ్లు అధికముగా గట్టెక్కునది అంతకు ముందే. ఆ నెలలలో ఎన్ని చచ్చినవి, ఎచ్చట చచ్చినవి అనుటకు సాక్ష్యము ఇట్టి పుస్తకములే. నిద్రించినవాడు “లేవు” అని వ్రాసిన, చచ్చిన తాబేలు లెక్కకు రాక మఱుగుపడును. ఊహించి పెద్ద సంఖ్య వ్రాసిన, వేటమీద బ్రతుకు మత్స్యకారునికి అన్యాయము జరుగును. రెండును అసత్యములే.

కొల్లేటి సీమ పెద్దలారా, మీకు సముద్రము లేకున్నను నీరున్నది. 1987 మొదలు ఏటేట జనవరిలో స్వచ్ఛందముగా వచ్చినవారు ఆసియా ఖండమున నీటిపక్షులను లెక్కించుచున్నారు. మీ చెఱువుపై వ్రాలు గూడబాతులను, కొంగలను మీరును లెక్కింపవచ్చును. మనుమనిచేత ఒక పుస్తకమున మూడు గడులు గీయింపుడు: కనబడినవి, వెదకినను కనబడనివి, వెదకని దినములు. మూడవ గడిని నిజాయితీతో నింపినవాని మాటయే మొదటి రెండింటను నమ్మదగినది.

సెలవు.