స్వర్గసభలో కోతి
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగువారి పండుగలో చీనావారి కథ ఎందుకండీ అని కార్యదర్శిగారు నన్ను అడిగారు. మూడు తరాలుగా వాళ్ళ పక్కన ఇళ్ళు కట్టుకొని బ్రతుకుతున్నాం, వాళ్ళ దేవుడి కొలువు ఎలా ఉంటుందో తెలుసుకొంటే తప్పేమిటి అన్నాను. చీనా కొత్త సంవత్సరంలో ఎనిమిదో రోజు అర్ధరాత్రి దాటగానే, పినాంగ్‌లో హొక్కియెన్ వారు చెరకు గడలు నిలిపి, బల్లల నిండా నైవేద్యాలు పెట్టి పూజ చేయడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ పూజ తీ కోంగ్‌కు. ఆయనే స్వర్గాధిపతి, జేడ్ చక్రవర్తి. మనకు ఇంద్రసభ ఎలాగో వాళ్ళకు ఆయన సభ అలాగ.

ఆ సభలోని చట్టాలూ మర్యాదలూ బాగా కనిపించేది 'పశ్చిమ యాత్ర' అనే నవలలో. మింగ్ రాజవంశ కాలంలో, 1592లో అచ్చయిన పుస్తకం అది. మొత్తం నూరు అధ్యాయాలు. వూ చెంగెన్ రాశాడని సాధారణంగా చెబుతారు. అందులో భారతదేశానికి బయలుదేరే సన్యాసి చరిత్రలోని హ్యూన్‌త్సాంగే. అసలు మనిషి ఏడో శతాబ్దంలో మన ఆంధ్రదేశం కూడా వచ్చి వేంగి, ధాన్యకటకం చూసి వెళ్ళాడు. ఆ యాత్ర సంగతి ఇంకోసారి చెప్పుకుందాం. ఇవాళ సభ సంగతి.

సభ కల్పితమే. కాని రచయిత తన దేశపు రాజసభనే తీసుకొని మేఘాల మీద పెట్టాడు. వరుసలు తీరిన మంత్రులు, విన్నపపత్రాలు, ఆజ్ఞాపత్రాలు, పదవులకు మెట్లు, అన్నీ ఉన్నాయి. అటువంటి సభలోకి సన్ వూకోంగ్ అనే రాతికోతి వస్తుంది. వెంటబెట్టుకొని తెచ్చినవాడు శుక్రనక్షత్రపు ముసలాయన. ఆయన సాగిలపడి మొక్కాడు. కోతి నిలబడే ఉంది. వీరిలో ఆ మాయావి ఎవరు అని చక్రవర్తి అడిగితే, 'నేనే, పెద్ద సన్‌ని' అన్నట్టుగా జవాబిచ్చింది. మంత్రుల ముఖాలు పాలిపోయాయి. ఈ అడవి కోతికి చావే తగిన శిక్ష అన్నారు.

చక్రవర్తి మాత్రం ఒప్పుకోలేదు. ఇతడు కొత్తగా మనిషి రూపానికి వచ్చినవాడు, సభామర్యాద తెలియదు, ఈసారికి క్షమిస్తున్నాను అన్నాడు. నా ఉద్దేశంలో ఆ సభలో వెలువడిన తీర్పులన్నిటిలోనూ మంచి తీర్పు ఇదే.

అయితే ఆ తరువాత ఏం చేశారు? మర్యాద నేర్పించారా? లేదు. గుర్రపుశాల మీద అధికారిని చేశారు. కోతి రాత్రింబగళ్ళు గుర్రాలను మేపింది, అవి బాగా ఒళ్ళు చేశాయి. పక్షం దినాలు గడిచాక ఒక విందులో, నా పదవి ఏ మెట్టుదండీ అని తోటివారిని అడిగింది. మెట్టు లేదన్నారు. అంటే కొలవలేనంత పెద్దదేమో అనుకుంది పాపం. కాదు, మెట్లన్నిటికీ కిందిది అని చెప్పారు. (చీనా ప్రభుత్వంలో తొమ్మిది మెట్లుండేవి, వాటికి దిగువన ఉన్నవాళ్ళకు లెక్కే లేదు.) కోతి బల్ల పడదోసి ఇంటికి పోయింది. రెండోసారి పిలిచి 'స్వర్గసమానుడైన మహర్షి' అని పెద్ద బిరుదిచ్చారు, జీతం మాత్రం లేదు. పీచ్ పళ్ళ తోటకు కాపలా పెట్టారు, ఆ పళ్ళ విందుకు మాత్రం పిలవలేదు. మూడువేల ఆరువందల చెట్ల తోటను కోతి చేతిలో పెట్టి విందుకు పిలవకపోతే ఏమవుతుందో పిల్లల్ని అడగండి, చెబుతారు.

ఈ సభలో తప్పుకూ శిక్షకూ పొంతన ఉండదు. చక్రవర్తి రథం దగ్గర తెర ఎత్తే సేనాని ఒకడు విందులో గాజు పాత్ర చేయిజార్చాడు. ఎనిమిది వందల దెబ్బలు కొట్టి, ఇసుక నదిలోకి తరిమి, ఏడు రోజులకోసారి కత్తి ఎగిరివచ్చి రొమ్ములో పొడిచేటట్టు చేశారు. పాత్ర ఖరీదెంతైనా ఇది న్యాయమా? ఒక నదీ నాగరాజుకు ఫలానా రోజున మూడు అడుగుల మూడు అంగుళాల మీద నలభై ఎనిమిది చుక్కలు వాన కురిపించమని ఆజ్ఞ వచ్చింది. ఒక జోస్యుడితో కాసిన పందెం గెలవాలని ఆ నాగరాజు వేళ మార్చి, మూడు అంగుళాల ఎనిమిది చుక్కలు తగ్గించాడు. దానికి తల తీసేశారు. ఆ పని చేయవలసినవాడు భూలోకంలోని మంత్రి వెయ్ చెంగ్. నాగరాజును కాపాడతానని మాట ఇచ్చిన టాంగ్ చక్రవర్తి, మంత్రిని కదలనివ్వకుండా పలక ముందు ఆటకు కూర్చోబెట్టుకున్నాడు. మంత్రి ఆట మధ్యలో కునుకు తీసి, కలలో వెళ్ళి ఉత్తర్వు అమలు చేసి వచ్చాడు! ఉద్యోగధర్మం అంటే అదీ.

ఇదంతా కల్పన అనుకోవద్దు. 653 నాటి టాంగ్ శిక్షాస్మృతిలో 502 నిబంధనలున్నాయి. క్షమించరాని పది మహాపాపాల్లో 'మహా అమర్యాద' ఒకటి. చక్రవర్తికి మందు కలపడంలో పొరపాటు చేసినా, ఆయన ఎక్కే పడవ గట్టిగా కట్టకపోయినా ఆ పద్దులోకే వస్తుంది. తల్లిదండ్రుల పట్ల అపచారం కూడా ఆ పదింటిలోనిదే. అంటే మర్యాద వేరు, చట్టం వేరు కాదు. అయినా ఆ స్మృతిలో పెద్దకర్ర దెబ్బలకు లెక్క నూరుతో ఆగింది. ఎనిమిది వందలు స్వర్గంలో మాత్రమే సాధ్యం.

మింగ్ కాలానికి వచ్చేసరికి ఆ లెక్కలూ పోయాయి. చియాచింగ్ చక్రవర్తి తన పెదనాన్న కొడుకు తరువాత గద్దె ఎక్కాడు. వంశక్రమం ప్రకారం పెదనాన్నను నాన్న అని, కన్న తండ్రిని చిన్నాన్న అని పిలవాలన్నారు మంత్రులు. చక్రవర్తి కుదరదన్నాడు. 1524లో ఉద్యోగులు గుంపుగా అంతఃపురం గుమ్మం ముందు మోకరించి ఏడ్చారు. నూరుమందికి పైగా కర్రదెబ్బలు తిన్నారు, పదిహేనుమందికి పైగా చనిపోయారు. ఒక్క వరస పిలుపు కోసం! వూ చెంగెన్ అప్పటికి యువకుడు. కోతి చేత చక్రవర్తి ముందు 'పెద్ద సన్‌ని' అనిపించినవాడు ఇవన్నీ ఎరిగినవాడే.

మనకూ ఒక కోతి సభకు వెళ్ళిన కథ ఉంది కదా. రావణుడు హనుమంతుణ్ణి చంపమన్నప్పుడు, దూతను చంపడం ధర్మం కాదని విభీషణుడు అడ్డుపడ్డాడు. అక్కడ చట్టం తెలిసినవాడు ఒకడు లేచి మాట్లాడాడు. స్వర్గసభలో ఆ పని శుక్రనక్షత్రపు ముసలాయనది. నాకు ఈ ఇద్దరంటే గౌరవం.

మర్యాద పేరుతో మనుషుల్ని అణచిపెట్టడం చీనాకే సొంతం కాదు. ఈ దేశపు తోటల్లో ఒకప్పుడు దొర ఎదురైతే కూలీ సైకిలు దిగి నిలబడవలసి వచ్చేది. 1941లో క్లాంగ్ రబ్బరు తోటల సమ్మెలో కూలీలు పెట్టిన కోర్కెల్లో, దొరల ఎదుట సైకిలు తొక్కుకొని పోయే హక్కు కూడా ఒకటి. జీతం, మందులు, బడితోపాటు ఇది కూడా అడిగారంటే, అది ఎంతగా గుచ్చుకొందో ఆలోచించండి.

ఇప్పుడు మన ఇంటి సంగతి ఒకటి. మన తాతముత్తాతల్లో ఎక్కువమంది విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు పల్లెలనుంచి వచ్చినవారు. వాళ్ళ ఇళ్ళలో అవ్వనూ తాతనూ ప్రేమగా 'నువ్వు' అనేవారు. మన పిల్లలకు అదే వచ్చింది. కొన్నేళ్ళ క్రితం మా సాయంత్రం తరగతికి ఇండియానుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. తొమ్మిదేళ్ళ పిల్ల ఆయనకు మంచినీళ్ళు తెచ్చి, 'నువ్వు తాగు తాతా' అంది. ఆయన అందరి ఎదుటా 'మీరు' అనడం కూడా నేర్పలేదా అని గద్దించారు. ఆ పిల్ల మరి తరగతికి రాలేదు. వాళ్ళ అమ్మ దగ్గరకు రెండుసార్లు వెళ్ళాను. ఇంట్లో కూడా తెలుగు మాట్లాడడం మానేసిందండీ, మలయ్‌లోనే జవాబు చెబుతోంది అన్నారు.

నిజంగా అమర్యాద చేసినవాడి కథ కూడా నవలలోనే ఉంది. ఒక ఊరి అధికారి భార్యతో పోట్లాడి, ఆ కోపంలో స్వర్గానికి పెట్టిన నైవేద్యాల బల్ల పడదోసి, ఆ అన్నం కుక్కలకు పెట్టించాడు. అతనికి మర్యాద తెలియక కాదు. చక్రవర్తి ఆ ఊరికి వాన ఆపేసి, మూడు పనులు పూర్తయితేగాని విడవనన్నాడు: బియ్యపు కొండను ఒక కోడిపిల్ల పొడిచి తినాలి, పిండి కొండను ఒక కుక్క నాకి తినాలి, బంగారు తాళాన్ని చిన్న దీపం కరిగించాలి. తప్పు చేసినవాడు ఒకడు, మూడేళ్ళు ఎండిపోయింది ఊరంతా. చివరకు దారి చూపింది ఎవరనుకున్నారు? మర్యాద తెలియని కోతే. అధికారి చేత పశ్చాత్తాపపడి ప్రార్థన చేయించింది, కొండలు కూలాయి, వాన కురిసింది.

నాకిచ్చిన సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. మా తరగతి పిల్లలు కోతి మొదటిసారి సభకు వచ్చిన ఘట్టాన్ని ఇప్పుడు ఆడి చూపిస్తారు. కోతి చక్రవర్తిని ఏమని పలకరించాలన్నదాని మీద తరగతిలో రెండు వారాలు వాదన జరిగింది. 'నేనేనండీ' అంటే కోతి చెడిపోతుంది, 'నేనేరా' అంటే మరీ మోటు. చివరకు 'నేనేనోయ్' దగ్గర రాజీపడ్డాం. మంత్రుల వేషాలు వేసినవాళ్ళు 'తమరు', 'చిత్తం' అనే మాటలు బాగా కంఠస్థం చేశారు. చక్రవర్తి గడ్డం కొంచెం వదులుగా ఉంది, ఊడితే నవ్వకండి.