చేపను పట్టకుండనే దాని బాధ పట్టుకోవాలె
(ప్రసంగ పాఠం)



చెరువుల చేపలు చచ్చి తేలినంక కారణం వెతుకుడంటే శవపరీక్షే. బతికున్నప్పుడే వాటి బాధ ఎట్ల తెలుసుకోవాలె? మనం ఆలోచించాల్సింది ఇదే.

ఒత్తిడిల ఉన్న చేప రక్తంల కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతది. కానీ రక్తం కోసం వలేసి పట్టుడే చేపకు పెద్ద గండం. నిమిషాలల్లనే లెక్క మారిపోతది. అందుకే శాస్త్రవేత్తలు వేరే దారి పట్టిండ్రు. ఆ హార్మోను మొప్పల నుంచి నీళ్లలకు వస్తది. కాబట్టి నీళ్లనే పరీక్షిస్తరు. కెమెరాలు పెట్టి ఈత తీరును, మొప్పల కదలికను లెక్కగడ్తరు. అయితే నీళ్ల పరీక్ష చిన్న తొట్లల్ల నడుస్తది. పెద్ద చెరువుల హార్మోను పలచబడిపోతది.

మరి మన చెరువు గట్టు మీద ఏం చెయ్యాలె? తెల్లవారుజామున నీళ్లల్ల ఆక్సిజన్ బాగా పడిపోతది. అప్పుడు పోయి చూడాలె. బొచ్చె, రవ్వ పైకొచ్చి నోరు తెరుస్తున్నయంటే ఆపద మొదలైనట్టే. సంచుల మేత కట్టే చెరువుల్ల తవుడు, చెక్క మిగులుతున్నదంటే అది ఇంకో హెచ్చరిక. ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాముల కన్న తగ్గకుండ చూసుకోవాలె. తగ్గితే మేత ఆపాలె, కొత్త నీళ్లు పెట్టాలె, లేదంటే ఏరేటర్ తిప్పాలె.

ఈ గుర్తులు బెస్తలకు, ముదిరాజులకు తరతరాలుగ ఎరుకే. చదువుకున్న మనం మీటరు పట్టుకొని వాళ్ల పక్కన నిలబడాలె. వాళ్ల కన్నుకు మన లెక్క తోడైతే చేప బతుకుతది. చేప మీద బతికే ఇల్లు నిలబడ్తది.