ఇంద్రధనుస్సు – సూర్యకిరణ వైభవము



“శాస్త్రులుగారూ, నీటిబొట్లలో వెలుగు వంగి ఇంద్రధనుస్సు ఏర్పడునని పిల్లల పాఠ్యపుస్తకములో ఉన్నది. మరి ఇంద్రుని విల్లు అనుట అబద్ధమగునా?” అని ఒక భక్తుడు మమ్ము అడిగినాడు. శ్రద్ధ గలవానికే ఇట్టి సందేహము కలుగును. దానిని కసరి త్రోసివేయుట తగదు.

వరాహమిహిరాచార్యుడు క్రీ.శ. 6వ శతాబ్దమువాడు, సూర్యోపాసకుడు. ఆయన బృహత్సంహితలో ఇంద్రాయుధమునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. మబ్బు పట్టిన ఆకాశమున, నానావర్ణములు గల సూర్యకిరణములే గాలిచే చెదరి విల్లువలె కనబడునని మొదట కారణము చెప్పెను. అనంతుని కులమునందలి సర్పముల నిశ్శ్వాసమువలన పుట్టునను కొందరు ఆచార్యుల మతమును కూడ పేర్కొనెను. కారణము తెలిసినంతమాత్రమున ఆయన ఇంద్రుని పేరు విడువలేదు.

ఆయన గాలిని చెప్పిన చోట నేడు నీటిబిందువును చెప్పవలెను. సూర్యకిరణము బిందువులో ప్రవేశించునపుడు వంగును. లోపలి వెనుకగోడను తాకి మరలును. వెలుపలికి వచ్చునపుడు మరల వంగును. ఒక్కొక్క వర్ణము ఒక్కొక్క కొలతగా వంగుటచే ఎరుపు సుమారు 42 డిగ్రీల వద్ద, ఊదా 40 డిగ్రీల వద్ద తిరిగివచ్చును. ఫ్రాన్సు దేశపు డెకార్టు 1637లో ప్రకటించిన గ్రంథమున ఈ కోణమును గణించి చూపెను; రంగులు ఏల విడిపోవునో పిదప న్యూటన్ నిరూపించెను. సూర్యుని ఏడు గుఱ్ఱములే ఈ ఏడు రంగులని కొందరు ఉత్సాహముతో చెప్పుదురు. మేము పట్టుబట్టము. ఒక రంగు ఎక్కడ ముగిసి మరియొకటి ఎక్కడ మొదలగునో చూపు గీత ఆ విల్లులో లేదు. ఏడని లెక్కించినది న్యూటన్.

సూర్యుడు మన వీపు వెనుక ఉండవలెను. సూర్యునినుండి మన శిరస్సు మీదుగా మన తలనీడవైపునకు ఒక గీతను ఊహింపుడు. ఆ గీతకు 42 డిగ్రీల ఎడముగా ఉన్న బిందువులన్నియు మనకు ఎరుపునే పంపును. కనుక అది నిజమునకు వలయము. క్రింది భాగము భూమిచే మరుగగుటచే విల్లుగా మిగిలినది.

ఇక దాని రూపభేదములు. సూర్యుడు దిగంతమున ఉన్నపుడు అర్ధవలయము. పైకెక్కినకొలది విల్లు క్రుంగును. 42 డిగ్రీలు దాటినచో సమతలమున నిలిచినవానికి కనబడదు. శ్రావణమాసపు మధ్యాహ్నమున ఎంత వాన కురిసినను హరివిల్లు లేకపోవుట ఇందుచేతనే. వాన ఒక్కచోటనే పడిన ముక్కగా తోచును. నిట్టనిలువుగా తోచినదానికి అమరసింహుడు రోహితమని వేరుగా పేరు పెట్టెను. పెద్ద చినుకులలో వర్ణములు, ముఖ్యముగ ఎరుపు, స్పష్టము, సన్ననివానిలో వెలవెలబోవును, పొగమంచులో దాదాపు తెలుపే. అస్తమయవేళ ఎఱ్ఱని కిరణములే మిక్కుటముగ మిగులుటచే విల్లంతయు ఎఱ్ఱబారును. దానిని చూచి ఉత్పాతమని భయపడువారు కలరు. ఆ ఎరుపు సాయంసూర్యునిదే. కిరణము బిందువులో రెండుమార్లు మరలినపుడు 51 డిగ్రీల వద్ద రెండవ విల్లు మసకగా, రంగులు తలక్రిందులుగా కనబడును.

పడమట విల్లు కనబడిన వాన వచ్చుననియు, వర్షాకాలమున తూర్పున కనబడిన వాన నిలుచుననియు వరాహమిహిరుడు చెప్పినది మిగుల రమ్యము. పడమటి విల్లు ఉదయము, తూర్పు విల్లు సాయంకాలము వచ్చును. గాలి పడమటినుండి వీచు వేళ పడమటి చినుకులు మనవైపునకు వచ్చుచున్నవి, తూర్పువి మనలను దాటిపోయినవి. అయితే కార్తికమున బంగాళాఖాతపు గాలితో తడియు నెల్లూరులో ఈ లెక్క తిరుగబడవచ్చును. శాస్త్రమును దేశకాలములతో కూర్చి చదువవలెను.

హరివిల్లు అను మన తెలుగుమాటలోని హరి శబ్దమునకు ఇంద్రుడు, సూర్యుడు, కిరణము అని మూడర్థములును నిఘంటువులో కలవు. భక్తుని ప్రశ్నకు ఆ ఒక్క మాట చాలును.

ఆకాశమున ఇంద్రధనుస్సును చూచి ఇతరులకు చూపరాదని మనుస్మృతి. ఒకరి కంటికి అందిన కిరణములు ప్రక్కవాని కంటికి అందవు. ఎవరి విల్లు వారిదే, చూపుదమన్నను చూపలేము. ఇది మా చమత్కారమే గాని వ్యాఖ్యాతల మాట కాదు.

సాయంసంధ్యలో పడమరకు తిరిగి అర్ఘ్యమిచ్చువారికి ఆ విల్లు వీపువైపున ఉండును. ఉదయపుటెండలో సూర్యునికి వీపు చేసి, నీడపట్టున ఉన్న గోడ ముందర నీటిని సన్నని తుంపరలుగా చల్లి మీ పిల్లలతో కలిసి చూడుడు. నిషేధమేమయినదని అడుగవచ్చును, మనువు చెప్పినది ఆకాశమునందలి దానిని గూర్చి.